తల కొలవకుండా హెల్మెట్ ఇవ్వొద్దు

సంపాదకులకు,

విజయవాడలో, గుంటూరులో పోలీసులు హెల్మెట్ తనిఖీలు ముమ్మరం చేసినప్పుడల్లా ఎన్ని చలాన్లు రాశారో, ఎంత జరిమానా వసూలైందో పత్రికల్లో వస్తుంది. పెట్టుకున్నవాళ్ళలో ఎందరి తలకు ఆ హెల్మెట్ సరిపోయిందో మాత్రం ఎవరూ అడగరు. బెంజి సర్కిల్ దగ్గర ఒక పూట నిలబడి చూడండి. పట్టీ పెట్టకుండా ఊగుతున్నవి, వెనక్కి జారి నుదురంతా బయటపడినవి, అద్దానికి తగిలించినవి, పెట్రోలు ట్యాంకు మీద పెట్టి పోలీసు కనపడగానే నెత్తికి ఎక్కించేవి. కారణం అడిగితే ఉక్క అంటారు, బరువు అంటారు, కణతలు నొప్పి అంటారు, వెనక హారన్ వినపడదంటారు. ఇదంతా ఒట్టి నిర్లక్ష్యమని తోసిపారేయలేం. సరిపోనిది ఏదైనా ఒంటి మీద నిలవదు. ఒంటి మీద నిలవనిది ప్రమాదం వేళకు పనికిరాదు. అందుకే కొనేటప్పుడు ఏం చూడాలో, మన ఎండల్లో, ఉక్కలో ఎలా వాడుకోవాలో, అమ్మేవాళ్ళు ఏం మార్చుకోవాలో వివరంగా రాస్తున్నాం.

ముందు షోరూముల సంగతి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన ప్రకారం, కొత్త బండి కొన్నప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణానికి సరిపడే హెల్మెట్‌ను తయారీదారే ఇవ్వాలి. మంచి నిబంధన. అమలులో జరుగుతున్నది వేరు. తాళం చెవులు, కాగితాలతోపాటు వరుసలోంచి ఒక పెట్టె తీసి చేతిలో పెడతారు. బక్కపల్చటి కాలేజీ పిల్లకూ అదే సైజు, నిండు మనిషికీ అదే సైజు. పిల్ల తల మీద అది గంటలా ఊగుతుంది, నిండు మనిషికి చెవుల దగ్గరే ఆగిపోతుంది. ఇద్దరూ దాన్ని ఇంట్లో అటక మీదకు ఎక్కించి, రోడ్డు పక్క రెండొందలకో మూడొందలకో దొరికే సగం టోపీ కొనుక్కుంటారు. చెప్పులు కొనేటప్పుడు నంబరు అడిగే మనం తల విషయంలో ఎందుకు అడగమో అర్థం కాదు.

తల కొలవడానికి దర్జీ టేపు చాలు. కనుబొమల మీద ఒక అంగుళం ఎత్తున మొదలుపెట్టి, చెవుల పైనుంచి, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టూ తిప్పాలి. టేపు వదులుగా ఉండకూడదు, బిగించి లాగకూడదు. మూడుసార్లు కొలిచి పెద్ద కొలత తీసుకోవాలి. మన దుకాణాల్లో దొరికే చాలా హెల్మెట్ల మీద సైజు మిల్లీమీటర్లలో ఉంటుంది. 560 అంటే ఎస్, 580 అంటే ఎం, 600 అంటే ఎల్, 620 అంటే ఎక్స్ఎల్. తల చుట్టుకొలత 58 సెంటీమీటర్లు వస్తే 580 అడగాలి. 59 వచ్చిందనుకోండి, ముందు చిన్నది పెట్టి చూడాలి. లోపలి మెత్తలు కొన్ని వారాల వాడకంలో అణిగి కొంచెం చోటు ఇస్తాయి. కొన్నరోజే హాయిగా, వదులుగా అనిపించిన హెల్మెట్ నెల తిరిగేసరికి తల మీద తిరుగుతుంది.

కొలత కుదిరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. తలలన్నీ ఒకే ఆకారంలో ఉండవు. కొందరివి గుండ్రటివి, కొందరివి ముందు నుంచి వెనక్కి పొడుగు. హెల్మెట్ పెట్టుకుని దుకాణంలోనే పదిహేను నిమిషాలు ఉండండి. తీసేశాక నుదుటి మధ్యలో ఎర్రటి గుర్తు పడి, పక్కల మాత్రం వదులుగా ఉందంటే మీది పొడుగు తల, అది గుండ్రటి హెల్మెట్. కణతల దగ్గర నొప్పి పుట్టి నుదుటి దగ్గర ఖాళీ ఉంటే మీది గుండ్రటి తల, అది పొడుగు హెల్మెట్. రెండు సందర్భాల్లోనూ పెద్ద సైజుకు పోవడం తప్పు, వేరే మోడల్‌కు పోవాలి. నొప్పి పెడుతోందని ఒక సైజు పెంచి కొనడం మన దగ్గర అందరూ చేసే పొరపాటు. దానివల్ల నొప్పి తగ్గుతుంది కానీ హెల్మెట్ ఊడిపోయే అవకాశం పెరుగుతుంది. బుగ్గలు మాత్రం కొంచెం నొక్కుకుపోవాలి. మాట్లాడుతుంటే లోపలి బుగ్గ పళ్ళకు తగిలేంత బిగువు కొత్తలో మామూలే.

ఇక మూడు పరీక్షలు. హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టుకుని పక్కలకు తిప్పితే నుదుటి చర్మం దానితోపాటు కదలాలి. చర్మం కదలకుండా హెల్మెట్ ఒక్కటే తిరిగిందంటే పెద్దదైనట్టే. రెండోది, పట్టీ పెట్టుకుని, వెనక మెడ దగ్గరి అంచును ఇంకొకరి చేత పట్టించి ముందుకు పైకి లాగించాలి. కళ్ళ మీదకు కొంచెం వస్తే పర్వాలేదు, ఊడి చేతికి వస్తే కొనకూడదు. మూడోది పట్టీ. గడ్డం కింద ఒకటి రెండు వేళ్ళు దూరేంత సందే ఉండాలి. పట్టీ వదులుగా ఉంటే మొదటి దెబ్బకే హెల్మెట్ ఎగిరిపోతుంది, రెండో దెబ్బ నేరుగా పుర్రెకు. పడినప్పుడు తలకు తగిలేది ఒక్క దెబ్బే కాదని గుర్తుంచుకోవాలి. బండి మీదో కారు మీదో ఒకటి, తారు మీద ఇంకొకటి, డివైడర్ అంచుకు మరొకటి. పట్టీలో రెండు రింగుల రకం అన్నిటికంటే నమ్మకమైనది. పళ్ళున్న కొసను దూర్చి బిగించే పట్టీ వాడుకకు తేలిక. చౌక రకాల్లో వచ్చే ప్లాస్టిక్ క్లిప్పు కొన్నాళ్ళకు అరిగి, టక్కుమన్నట్టే ఉండి ఊడి వస్తుంది. పెట్టాక ఒకసారి గట్టిగా లాగి చూసుకోవాలి.

ఐఎస్ఐ గుర్తు, అంటే బీఐఎస్ ఇచ్చే నాణ్యత గుర్తు, ఉంటే చాలనుకునేవాళ్ళకు ఒక ముఖ్యమైన మాట. బిల్డింగ్ పనుల్లో మేస్త్రీలు పెట్టుకునే పసుపు టోపీకీ ఐఎస్ఐ గుర్తు ఉంటుంది. దాని ప్రమాణం ఐఎస్ 2925. పైనుంచి ఇటుక ముక్క పడితే కాపాడడానికి చేసింది అది. బండి హెల్మెట్ ప్రమాణం ఐఎస్ 4151. గుర్తు పైన ఆ అంకె ఉందో లేదో చూడాలి. గుర్తు కింద సీఎం/ఎల్ అని ఒక లైసెన్స్ నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ అనే మొబైల్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ అమల్లో ఉందా లేదా అన్నీ వస్తాయి. పెట్టె మీది పేరూ అక్కడి పేరూ కలవకపోతే అది అతికించిన స్టిక్కరే. 2021 జూన్ 1 నుంచి బీఐఎస్ గుర్తు లేని బండి హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం నేరం. అయినా జాతీయ రహదారి పక్కన తాడు కట్టి వేలాడదీసి అమ్మేవాటిలో ఆ గుర్తు ఏపాటిదో కొనేవాళ్ళు ఆగి చూసుకోవాలి.

గుర్తు సంగతి అలా ఉంచి, లోపల వేలు పెట్టి చూసినా నిజం తెలుస్తుంది. మెత్త పక్కకు తీస్తే దట్టమైన థర్మోకోల్ పొర కనపడాలి. తలను కాపాడేది ఆ పొరే. పైచిప్ప చేసే పని దెబ్బను ఒకే చోట పడనీయకుండా పరచడం, తారు మీద తల జారిపోయేలా చేయడం. థర్మోకోల్ నలుగుతూ తల ఆగే సమయాన్ని కొంచెం పొడిగిస్తుంది. ఆ క్షణంలో వందో వంతు తేడాయే పుర్రె లోపల మెదడు కొట్టుకోకుండా చేసేది. మెత్త వెనక నేరుగా ప్లాస్టిక్ చిప్పే కనపడితే, లేదా పల్చటి స్పాంజి ఉంటే, అది ఎండకు అడ్డం తప్ప ఇంకెందుకూ కాదు. నలిగిన థర్మోకోల్ మళ్ళీ లేవదు. అందుకే తలతో సహా ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్, పైకి గీత కూడా లేకపోయినా, ఇక మార్చాల్సిందే. దెబ్బ తినకపోయినా ఐదేళ్ళు రోజూ వాడాక మార్చడం మంచిది. చెమట, నూనె, ఎండ కలిసి మెత్తనీ జిగురునీ పట్టీనీ తినేస్తాయి.

ఈ జ్ఞానం కొత్తదేమీ కాదు. 1935లో ఇంగ్లండులో, 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ మోటార్‌సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి చనిపోయినప్పుడు చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నారు. ఆ తర్వాత ఆయన మోటార్‌సైకిల్ నడిపేవాళ్ళ తల గాయాల మీద పరిశీలన చేసి, 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హెల్మెట్ అవసరాన్ని లెక్కలతో చూపించారు. ఎనభై ఏళ్ళు దాటాయి. మనం ఇంకా పెట్టుకోవాలా వద్దా అన్న దగ్గరే ఉన్నాం, ఎలాంటిది అన్న దగ్గరికి రాలేదు.

ఎలాంటిది అంటే, ముఖమంతా కప్పేదే. గడ్డం, దవడ, ముక్కు, పళ్ళు సగం టోపీకి పట్టవు. మన ఊళ్ళలో దానికి ఇంకో కారణం కూడా ఉంది. సాయంత్రం ఏలూరు కాలువ, బందరు కాలువ గట్ల వెంట బండి మీద వెళ్తే పురుగులు కళ్ళల్లో పడతాయి. గుంటూరు మిర్చి యార్డు వైపు సీజన్‌లో ఘాటుకు కళ్ళు మండి నీళ్ళు కారతాయి. కన్ను మూసిన రెండు క్షణాల్లో బండి ఎంత దూరం పోతుందో లెక్క వేసుకోండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో అది దాదాపు 28 మీటర్లు. హెల్మెట్ ముందుండే గ్లాసు దించుకుంటే ఈ బాధ ఉండదు. ఆ గ్లాసు తెల్లదే కొనండి. నల్ల గ్లాసు పగలు హాయిగానే ఉంటుంది కానీ రాత్రి కనకదుర్గ వారధి మీద ఎదుటి లారీ లైట్లు దాటిన వెంటనే ఏమీ కనపడదు. గీతలు పడ్డ గ్లాసూ అంతే, లైటు పడగానే మొత్తం వెలుగు గీతలైపోతుంది. గ్లాసు విడిగా దొరుకుతుంది, ఏడాదికో రెండేళ్ళకో మార్చుకుంటే పోయేదేమీ లేదు. పెట్రోలుతో, థిన్నర్‌తో, ఇంటి అద్దాలు తుడిచే ద్రావణంతో తుడవకూడదు. సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు. పైచిప్ప మీద కూడా పెయింటు వేయించడం, పెట్రోలుతో స్టిక్కర్ గోకడం చేయొద్దు. ఆ రసాయనాలకు పాలీకార్బొనేట్ చిప్ప పైకి తెలియకుండానే పెళుసెక్కుతుంది.

కళ్ళజోడు ఉన్నవాళ్ళు ముందు హెల్మెట్ పెట్టుకుని తర్వాత జోడు దూర్చాలి. కొన్ని మోడళ్ళలో మెత్తలో జోడు కాడకు గాడి ఉంటుంది, అది చూసి కొనుక్కుంటే చెవి పైన నొప్పి రాదు. గడ్డం భాగం పైకి లేచే రకం ఇంకా సులువు, కాస్త బరువు ఎక్కువ. ఆడవాళ్ళు కొప్పు నడినెత్తిన వేసుకుంటే హెల్మెట్ పైకి లేచి నుదురు బయటపడుతుంది. జడ గానీ ముడి గానీ మెడ దగ్గరికి దించి వేసుకోవాలి. క్లచ్చర్, పెద్ద పిన్నులు తీసి సంచిలో వేసుకోవాలి, దెబ్బ తగిలితే అవి తలలోకి దిగుతాయి. ఇక అందరికీ ఉన్న ఒక చెడ్డ అలవాటు, ఫోన్‌ను చెవికీ మెత్తకీ మధ్య దూర్చి మాట్లాడడం. మాట్లాడుతూ నడపడం ఒక తప్పు. దానికి తోడు ఆ ఫోన్ మెత్తను శాశ్వతంగా వదులు చేస్తుంది, పడితే దవడకూ చెవికీ గట్టి పలకలా తగులుతుంది.

ఇప్పుడు అసలు అభ్యంతరం, ఎండ. మే నెలలో విజయవాడ ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. అప్పుడు, పడితే ఒంటిని కాపాడే రైడింగ్ జాకెట్ వేసుకోమని చెప్పేవాణ్ణి పిచ్చివాడిలా చూస్తారు. కానీ ఒక విషయం గమనించండి. ఒంటి చర్మం వేడి దాదాపు 35 డిగ్రీలు. గాలి అంతకంటే వేడిగా ఉన్నప్పుడు వేగంగా పోతే గాలి తగిలి చల్లబడతామన్నది భ్రమ. ఆ గాలి మన ఒంట్లోకి వేడినే తెస్తుంది. చల్లబరిచేది చెమట ఆరడం ఒక్కటే. అర చేతుల చొక్కాతో వడగాడ్పులో పోతే చెమట పూర్తిగా పని చేయకముందే ఎగిరిపోయి, ఒంట్లో నీళ్ళు తగ్గి, కళ్ళు తిరుగుతాయి. ఒళ్ళు కప్పుకుని పొలంలో పనిచేసే రైతుకు ఇది తెలుసు. గాలి ఆడే వల గుడ్డతో చేసిన జాలీ జాకెట్ లోపల పల్చటి పొడుగు చేతుల బనీను వేసుకుని, బయల్దేరేముందు దాన్ని తడిపి పిండి తొడుక్కుంటే, పడమటి పొడిగాలి వీచే పగటిపూట గుంటూరు నుంచి మంగళగిరి దాకా చల్లగా ఉంటుంది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక తేమ పెరుగుతుంది, అప్పుడు తడి బనీను ఆరదు, ఉక్క ఇంకా ఎక్కువ చేస్తుంది. అందుకని సాయంత్రాలు పొడి బనీనే మేలు. దూదిబట్ట చెమట పీల్చి బరువెక్కి ఒంటికి అంటుకుంటుంది. ఆటలకు వేసుకునే పల్చటి జారుడు గుడ్డ బనీను లోపలికి మంచిది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు గాలి ఆడదు కాబట్టి జిప్పు సగం దించుకోవచ్చు, కదిలేముందు మళ్ళీ ఎక్కించాలి. రెండు ఊళ్ళ మధ్య పోయేవాళ్ళు బయల్దేరేముందు ఒక గ్లాసు ఉప్పు మజ్జిగ తాగితే మంచిది, దాహం వేసేదాకా ఆగకూడదు.

హెల్మెట్ లోపలి ఉక్కకు మందు మెత్త ఉతకడమే. ఊడదీయడానికి వీలయ్యే మెత్త ఉన్నదే కొనండి. ఎండాకాలంలో వారానికోసారి షాంపూ కలిపిన చల్లనీళ్ళలో నానబెట్టి, పిండకుండా ఒత్తి, నీడలో ఆరేయాలి. వాషింగ్ మెషిన్‌లో వేస్తే స్పాంజి ముక్కలవుతుంది. తలకు పల్చటి నూలు టోపీ వేసుకుంటే చెమట మెత్తకు చేరదు. తువ్వాలు చుట్టి పైన హెల్మెట్ పెడితే మాత్రం సరైన సైజు కూడా తప్పు సైజు అయిపోతుంది. గడ్డం దగ్గర, నెత్తి మీద గాలి రంధ్రాలు, వెనక బయటికి పోయే రంధ్రాలు ఉన్నవి ఎంచుకోండి. ముందు మాత్రమే ఉండి వెనక లేకపోతే లోపలికి వచ్చిన గాలి అక్కడే తిరుగుతుంది. అద్దానికి తగిలించే అలవాటు మానాలి. అద్దం కాడ థర్మోకోల్‌లో గుంట పెడుతుంది.

జాకెట్ కొనేటప్పుడు చాలామంది రంగు చూస్తారు, బరువు చూస్తారు. చూడాల్సింది భుజం, మోచెయ్యి. పడితే ముందు నేలకు తగిలే చోట్లు అవే. ఛాతీ, వీపు జాలీగా ఉండొచ్చు, ఉండాలి కూడా. భుజం, మోచేతి పైన మాత్రం దట్టమైన గుడ్డ, కనీసం రెండు వరసల కుట్టు ఉండాలి. లోపల జేబుల్లో ఉండే, దెబ్బ ఆపే గార్డులు బయటికి తీసి చూడండి. వాటి మీద యూరప్ ప్రమాణం అంకె ఈఎన్ 1621-1 అని, పక్కన లెవెల్ 1 లేదా 2 అని అచ్చు ఉంటుంది. పరీక్షలో బరువు పడేసినప్పుడు అవతలికి దాటే బలం సగటున లెవెల్ 1లో 35 కిలోన్యూటన్లు మించకూడదు, లెవెల్ 2లో 20 మించకూడదు. వీపు గార్డుకు వేరే అంకె, ఈఎన్ 1621-2. దానికి హద్దులు 18, 9. చాలా జాకెట్లలో భుజానికీ మోచేతికీ అసలైన గార్డు పెట్టి, వీపు జేబులో ఒట్టి స్పాంజి పలక పెడతారు. అమ్మేవాళ్ళు అది కూడా గార్డే అంటారు. అంకె లేకపోతే అది స్పాంజే. అదే కొలతలో అసలు వీపు గార్డు విడిగా కొని మార్చుకోవాలి. మొత్తం జాకెట్‌కు యూరప్ ప్రమాణం ఈఎన్ 17092. అందులో ఏ, ఏఏ, ఏఏఏ అని పెరిగే తరగతులు ఉంటాయి. ఊళ్ళో తిరగడానికి ఏ తరగతి జాలీ జాకెట్ చాలు, రోజూ హైవే మీద విజయవాడ, గుంటూరు మధ్య తిరిగేవాళ్ళు ఏఏ చూసుకోవాలి. ఏఏఏ మన ఎండకు మోయలేరు.

జాకెట్‌ను అద్దం ముందు నిలబడి చూసుకుంటే లాభం లేదు. దుకాణం బయట ఉన్న బండి ఎక్కి, హ్యాండిల్ పట్టుకుని చూడాలి. చేతులు ముందుకు చాచినప్పుడు మణికట్టు బయటపడకూడదు, వెనక నడుము కనపడకూడదు. మోచేతి గార్డును పట్టుకుని పక్కకు తిప్పితే తిరిగిపోకూడదు. తిరిగితే పడ్డప్పుడు అది పక్కకు పోతుంది, ఎముకే నేలకు తగులుతుంది. చేతి మీద బిగించే పట్టీలు అందుకే ఉంటాయి, వాడుకోండి. నలుపు కాకుండా లేత బూడిద రంగో, మెరిసే ఆకుపచ్చో తీసుకుంటే వేడీ తక్కువ, చీకట్లో వెనక లారీ డ్రైవర్‌కు కనపడతారు కూడా.

జాకెట్‌కు ఐదారు వేలు పెట్టలేనివాళ్ళే మన దగ్గర ఎక్కువ. వాళ్ళకు మా సలహా, హెల్మెట్ తర్వాత డబ్బు ముందు గ్లౌజుల మీద పెట్టండి. పడేవాడు ఎవడైనా చేతులు ముందు ఆనిస్తాడు, అది ఆపగలిగేది కాదు. అరచెయ్యి మణికట్టు దగ్గర గట్టి ప్లాస్టిక్ బిళ్ళ ఉన్న గ్లౌజులైతే అరచెయ్యి తారుకు పట్టుకోకుండా జారుతుంది, మణికట్టు చిన్న ఎముక విరగకుండా ఉంటుంది. అరచేతి వైపు మేక తోలు ఉంటే మంచిది. మణికట్టు పట్టీ బిగించాక వేళ్ళ చివరలు పట్టుకుని లాగితే ఊడి రాకూడదు. బ్రేకు లివర్ పట్టుకున్నప్పుడు అరచేతిలో మడత పడకూడదు. మన ఆడపిల్లలు ఎండకు వేసుకునే పొడుగు గుడ్డ గ్లౌజులు చర్మం నల్లబడకుండా చూస్తాయి, అంతే. యాక్సిలరేటర్ మీద జారతాయి కూడా. పాలిస్టర్ రకమైతే రాపిడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది.

పాదాలకు చీలమండ ఎముక మూసుకునే బూటు ఏదైనా చెప్పులకంటే వంద రెట్లు మేలు. ఫ్యాక్టరీల్లో వేసుకునే సేఫ్టీ షూ కూడా పనికొస్తుంది, అయితే ముక్కు లావుగా ఉండి గేరు లివర్ కింద దూరుతుందో లేదో చూసుకోవాలి. లేసుల కొసలు లోపలికి దోపుకోవాలి, ఎడమ కాలి లేసు గేరు లివర్‌కు చుట్టుకుంటే ఆగిన చోట కాలు కింద పెట్టలేరు. మామూలు జీన్స్ ప్యాంటు వేగంలో తారు మీద పడితే సెకను కూడా నిలవదు. ప్యాంటు కింద కట్టుకునే మోకాలి గార్డులు చవకగా వస్తాయి, అవే కొనుక్కోండి.

వానాకాలంలో రెయిన్‌కోటు జాకెట్ పైన వేసుకునేది కావాలి. లోపల తగిలించే వాన పొర ఉన్న జాకెట్‌లో జాలీ అంతా తడిసి బరువెక్కుతుంది, మనిషి మాత్రమే పొడిగా ఉంటాడు. ముందూ వెనకా వేలాడే దుప్పటి రకం అసలు వద్దు, గాలికి లేచి చైన్‌లో పడుతుంది. గ్లాసు లోపల ఆవిరి పడితే సన్నటి సందు తెరిచి ఉంచితే చాలు.

వెనక కూర్చునేవాళ్ళ సంగతి మన పత్రికల్లో ఎక్కువ రాదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నడిపేవాళ్ళకే కాదు, నాలుగేళ్ళు దాటిన ఎవరికైనా హెల్మెట్ తప్పనిసరి చేసింది. 194డి ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్స్ నిలిపివేత. నాలుగేళ్ళ లోపు పిల్లలకు 2023 ఫిబ్రవరి 15 నుంచి వేరే నియమం ఉంది. తొమ్మిది నెలలు నిండిన పిల్లకు సరిపోయే హెల్మెట్, పిల్లను నడిపేవారికి కలిపి కట్టే బెల్టు, 40 కిలోమీటర్లు మించని వేగం. ఆ బెల్టు 30 కిలోల బరువు ఆపగలగాలి. చిన్నపిల్లల మెడ లేతది, పెద్ద హెల్మెట్ పెట్టి బరువు మోపితే అదీ ప్రమాదమే. అందుకే సరిపోయే సైకిల్ హెల్మెట్‌ను కూడా ఆ నియమం ఒప్పుకుంది. చీర కట్టుకుని కూర్చునేవాళ్ళకు వెనక చక్రాన్ని సగం కప్పే జాలీ, పట్టుకోవడానికి కడ్డీ, కాలు పెట్టుకునే చోటు 123వ నిబంధన ప్రకారం బండికి ఉండాలి. అందం కోసం కుర్రాళ్ళు ఆ జాలీ ఊడదీయిస్తున్నారు. తర్వాత అదే బండి మీద అమ్మను ఎక్కించుకుంటారు. కొంగు, చున్నీ నడుముకు దోపుకుని కూర్చోవాలి.

ఇక మేం కోరేవి. రెండు ఊళ్ళ షోరూములు హెల్మెట్ పెట్టె ఇచ్చేముందు తల కొలవాలి, 560 నుంచి 620 దాకా నాలుగు సైజులూ ఉంచాలి, వారంలోపు తెస్తే సైజు మార్చి ఇవ్వాలి. హెల్మెట్ దుకాణాల్లో పిల్లల సైజులు, ఆడవాళ్ళకు సరిపోయే చిన్న సైజులు అడిగితే తెప్పిస్తామనే మాట మాని, ఎప్పుడూ ఉంచాలి. డ్రైవింగ్ లైసెన్స్ పరీక్షకు వచ్చే కుర్రాడి తలకు హెల్మెట్ ఉందా అని మాత్రమే కాకుండా, పట్టీ పెట్టాడా, సైజు సరిపోయిందా అని కూడా రవాణా శాఖ అధికారులు చూడాలి. రోడ్డు మీద తనిఖీ చేసే పోలీసులు పట్టీ లేనివాణ్ణీ హెల్మెట్ లేనివాడిగానే లెక్కించాలి, గుర్తు పైన ఐఎస్ 4151 అంకె, కింద లైసెన్స్ నంబరు చూడాలి, నకిలీ కనపడితే కొన్నవాడి కంటే ముందు అమ్మినవాడిని వెతకాలి.

ఉత్తరం పొడుగైంది. చోటు చాలక కుదించాల్సి వస్తే ఏదైనా తీసేయండి గానీ, తల కొలిచే పద్ధతి, ఐఎస్ 4151 అంకె సంగతి, పట్టీ సంగతి ఉంచమని మనవి.

ఇట్లు,
ద్విచక్ర వాహనదారులు కొందరు,
బ్రాడీపేట, గుంటూరు